ముందు చప్పుడు సంగతి తేల్చండి, పెడల్ తర్వాత

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఉండేది గుంటూరు లక్ష్మీపురం. రెండేళ్ల కిందట కొన్న మౌంటెన్ బైకు, ముందు మూడు, వెనక ఎనిమిది, మొత్తం ఇరవై నాలుగు గేర్లు, వెనక షాక్ లేదు. వారంలో ఐదు రోజులు ఆఫీసుకి, ఆదివారం కొండవీడు ఘాటు, తీరిక దొరికితే పొలాల మధ్య డొంకల్లో. ఇప్పుడు క్లిప్‌లెస్ పెడల్స్ (బూటుని బిగించి పట్టుకునేవి) వేసుకోవాలని ఉంది, ఏవి కొనాలి? ఇంకోటి, కొన్నాళ్లుగా చైను దగ్గర ఒకటే గోల. షాపులో చూపిస్తే చైను, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), ముందు చైన్‌రింగులు (పెడల్ దగ్గరి పళ్లచక్రాలు) అన్నీ పోయాయి, మార్చేద్దాం అన్నారు. నిజమేనా?

సూటిగా చెప్పేస్తాను. పెడల్ విషయంలో మీకు పనికొచ్చేది ఒకవైపు మామూలు పెడల్‌లా, రెండోవైపు ఎస్పీడీ (షిమానో కంపెనీ తెచ్చిన రకం) బిగింపుతో ఉండే రకం. షిమానోలో అయితే ఈహెచ్500 అలాంటిదే. దానికి వెండి రంగులో ఉండే ఎస్‌హెచ్56 క్లీట్లు (బూటు అడుగున బిగించే లోహపు ముక్కలు, పెడల్ పట్టుకునేది వీటినే) వేసుకుని, స్ప్రింగు పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టండి. చైను విషయంలో, ఒక స్కేలు పెట్టి కొలిచేదాకా ఏదీ మార్చకండి. మూడోది మీరు అడగలేదు కానీ అసలు సంగతి అదే: రెండూ ఒకేసారి చేయకండి. ఇప్పుడున్న చప్పుడు ఎక్కడిదో తెలియకుండా కొత్త పెడల్, కొత్త క్లీట్, కొత్త షూ తగిలిస్తే పాత చప్పుడికి ఇంకో మూడు చప్పుళ్లు తోడవుతాయి. అప్పుడు దేన్ని పట్టుకోవాలో మీకూ తెలియదు, మెకానిక్‌కీ తెలియదు.

నా గురించి రెండు ముక్కలు. మాది విజయవాడ పటమట. మా నాన్నకి ఆటోనగర్‌లో చిన్న లేత్ షెడ్డు ఉండేది. టూలు మొద్దుబారిందని ఆయన చూసి కాదు, విని చెప్పేవాడు. నేను లేత్ పట్టలేదు గానీ ఆ చెవి మాత్రం కొంచెం అబ్బింది. పదిహేనేళ్లుగా సైకిలు తొక్కుతున్నాను, ఆదివారం మధ్యాహ్నాలు మా కాంపౌండులో నలుగురి సైకిళ్లు విప్పుతూ కూర్చుంటాను. షాపు లేదు, అమ్మేది ఏమీ లేదు.

ముందు చప్పుడు. మనం చైను చప్పుడు అనుకునేవాటిలో చాలా వాటికి చైనుతో సంబంధమే ఉండదు. సైకిలు ఫ్రేము అంటే బోలు గొట్టాలు. వీణకి కుండ ఎలాగో దీనికి ఫ్రేము అలాగ. సీటు కింద పుట్టిన కిర్రు కాళ్ల దగ్గర వినిపిస్తుంది. నేను ఒకసారి రెండు నెలలు బాటమ్ బ్రాకెట్ (పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు, దాని బేరింగులు) అనుకుని దాని వెంట పడ్డాను. విప్పాను, కడిగాను, గ్రీజు పెట్టాను, మార్చాను కూడా. చివరికి ఓ రోజు కరకట్ట మీద వెళ్తూ నడుం నొప్పెట్టి లేచి నిలబడి తొక్కితే చప్పుడు మాయం. సీటు గొట్టం ఎండిపోయి ఫ్రేములో రాసుకుంటోంది. బయటికి లాగి, తుడిచి, వేలితో కాస్త గ్రీజు రాస్తే పోయింది. రెండు నెలలు, ఒక కొత్త బాటమ్ బ్రాకెట్ దండగ. (కార్బన్ గొట్టమైతే గ్రీజు రాయకూడదు, దానికి వేరే పేస్టు ఉంటుంది. మీది అల్యూమినియమే అయ్యుంటుంది.)

కాబట్టి పానా పట్టుకునే ముందు చెవి పెట్టండి. ఆ చప్పుడు ఎన్ని తొక్కుళ్లకి ఒకసారి వస్తోందో లెక్కపెట్టండి. ఖాళీగా ఉండే రోడ్డు చూసుకుని, మధ్య చైన్‌రింగులో పెట్టి, కుడికాలు కిందికి వచ్చిన ప్రతిసారీ ఒకటి, రెండు అనుకుంటూ తొక్కండి. ప్రతి చుట్టుకీ ఒకసారి, అదీ కాలు ఒకేచోట ఉన్నప్పుడు టక్కుమంటే అది పెడల్, క్రాంక్ (పెడల్ తగిలించే కడ్డీ), బాటమ్ బ్రాకెట్, లేదా మీ చెప్పు. చైను కాదు. అదే మూడు చుట్లు దాటాక, మూడున్నరకి ఒకసారి అలా వస్తే అది చైనులో ఏదో ఒక లింకు. లెక్క చూడండి: చైనులో సుమారు 112 లింకులు, మధ్య చైన్‌రింగుకి 32 పళ్లు అనుకుంటే, ఒకే లింకు మళ్లీ అదే చోటికి రావడానికి మూడున్నర చుట్లు పడుతుంది. మీ చైన్‌రింగు పళ్లు వేరైతే ఆ అంకె కొంచెం మారుతుంది, అంతే.

తొక్కడం ఆపేసి సైకిలుని దొర్లనిచ్చినా చప్పుడు వస్తూనే ఉంటే చైనుని వదిలేయండి. డిస్కు రాసుకోవడమో, ఊచ వదులవడమో, చక్రం బేరింగో. ఒక్క గేరులోనే వచ్చి పక్క గేరులో పోతే అది సర్దుబాటు లోపం. గతుకుల్లో మాత్రమే ఠపఠపమంటే చైను గొట్టానికి కొట్టుకుంటోంది. ఏ గేరులోనైనా, ఎప్పుడైనా, ఇసుక నమిలినట్టు కరకరమంటుంటే మురికి. పిట్టపిల్లల్లా కీచుకీచుమంటుంటే నూనె లేదు. మీరు ప్రశ్నలో "గోల" అని ఒక్క మాటలో తేల్చేశారు. అది కరకరా, కీచుకీచా, టక్‌టక్కా అన్నది చెబితే సగం వైద్యం అయిపోయినట్టే.

మీ వాడకం చూస్తే నా అనుమానం కరకర మీదే. గుంటూరు ఎండాకాలపు దుమ్ము సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా డొంకలన్నారు. మరి చైనుకి ఏం పోస్తున్నారు? బైకు మెకానిక్ దగ్గర వాడేసిన ఇంజను ఆయిలు అయితే చప్పుడు రాకపోతేనే ఆశ్చర్యం. అది జిగురు. దారిలోని దుమ్మునంతా పిలిచి కూర్చోబెడుతుంది. నూనె, ఇసుక కలిస్తే తయారయ్యేది సాన పెట్టే ముద్ద. మా లేత్ షెడ్డులో వాల్వులు అరగదీయడానికి అలాంటి పేస్టే వాడేవాళ్లు. మీరు అదే పేస్టుని చైనుకి పట్టించి రోజూ ఆఫీసుకి వెళ్తున్నారన్నమాట.

కుట్టు మిషను నూనె దానికంటే మేలు. పలచగా ఉంటుంది, లోపలికి దిగుతుంది, కాని తొందరగా ఆరిపోతుంది. ప్రతి వారం వేసి తుడిచే ఓపిక ఉంటే దాంతోనే నడిపించవచ్చు, నేను మొదటి నాలుగేళ్లు అలాగే నడిపించాను. నీలం డబ్బా డబ్ల్యూడీ-40 మాత్రం చైనుకి నూనె కాదు. తుప్పు వదిలించడానికీ, మురికి కడగడానికీ బాగుంటుంది, అది కొట్టాక వేరే నూనె వేయాల్సిందే. కొట్టిన రోజు చైను మౌనంగా ఉంటుంది కాబట్టి మనవాళ్లు మోసపోతారు. సైకిలు చైను కోసమే అమ్మే నూనెల్లో పొడి రకం, తడి రకం అని రెండుంటాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పొడి రకం, వానలు పట్టాక తడి రకం. పొడి రకం ఒక్క గట్టి వానకి కొట్టుకుపోతుంది, తడి రకానికి దుమ్ము పడుతుంది. రెండూ కొనక్కర్లేదు అనుకుంటే పొడిది కొని, వానలో తడిసిన ప్రతిసారీ ఇంటికొచ్చి ఆరబెట్టి మళ్లీ వేయండి. మైనం కరిగించి చైనుని అందులో ముంచే పద్ధతి కూడా ఉంది. దుమ్ము ప్రాంతానికి అంతకంటే మంచిది లేదు, కాని మా ఇంట్లో వంట గిన్నె పాడుచేశాక ఆ ప్రస్తావన నిషేధం. చేసేట్టయితే నేరుగా మంట మీద పెట్టకండి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి.

నూనె వేసే పద్ధతి నూనె రకం కంటే ముఖ్యం. మొదట కడగాలి. ఇప్పుడు కిరోసిన్ దొరకడం కష్టం, బంకులో అరలీటరు డీజిలు పట్టించుకోండి. పాత టూత్‌బ్రష్, పాత బనీను గుడ్డ. చైనుకి జాయింటు లింకు ఉంటే తీసేసి మూతగట్టి ఉన్న సీసాలో డీజిలు పోసి ఊపండి, లేకపోతే సైకిలు మీదే బ్రష్‌తో రుద్దండి. తర్వాత గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. మన ఎండకి అరగంట చాలు. అప్పుడు ప్రతి రోలరు మీద ఒక్కొక్క చుక్క, కింది వరుసలో లోపలివైపు నుంచి. కష్టపడేవి లోపలి పిన్నూ రోలరూ, పైనున్న పలకలు కాదు. ఐదు నిమిషాలు వెనక్కి తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పొడిగుడ్డతో పైనంతా గట్టిగా తుడిచేయండి. చేత్తో పట్టుకుంటే వేళ్లు నల్లబడకూడదు. చైను తళతళలాడుతూ నూనె కారుతూ ఉంటే అది ముస్తాబు మాత్రమే.

ఒక హెచ్చరిక. డిస్కు బ్రేకులైతే ఈ పనంతా చేసేటప్పుడు వెనక డిస్కుకి ఒక ప్లాస్టిక్ సంచి తొడగండి. డిస్కు మీద ఒక్క చుక్క పడిందా, చైను మౌనంగా ఉంటుంది, బ్రేకు గావుకేక పెడుతుంది. బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చుకుంటే చాలాసార్లు మార్చడమే గతి.

ఇక స్కేలు. షాపువాళ్లని తప్పుపట్టడం లేదు, వాళ్లు కొలిచి చెప్పారో లేదో నాకు తెలియదు. మీరు కొలవండి. పన్నెండు అంగుళాల స్టీలు స్కేలు, సున్నా గీత ఒక పిన్ను నడిమధ్యకి. కొత్త చైనైతే పన్నెండో అంగుళం గీత మీద సరిగ్గా ఇంకో పిన్ను నడిమధ్య ఉంటుంది, ఎందుకంటే పిన్నుకీ పిన్నుకీ అర అంగుళం. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకి పోయి ఉంటే అర శాతం సాగింది. పదకొండు, పన్నెండు గేర్ల చైనుని అప్పుడే మార్చాలి. మీ ఎనిమిది గేర్ల చైను ఇంకొంచెం ఓర్చుకుంటుంది, ముప్పావు శాతం దాకా తొక్కవచ్చు. ఎనిమిదో వంతు పోయిందంటే ఒక శాతం దాటింది. అప్పుడు క్యాసెట్ పళ్లు కూడా ఆ సాగిన చైనుకి తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి, కొత్త చైను వేస్తే జారుతుంది. షాపువాళ్లు చెప్పింది అప్పుడు నిజం. అయినా ముందు చైన్‌రింగులు మూడూ ఒకేసారి పోవడం అరుదు. మధ్యది పోతుంది, ఎందుకంటే రోజంతా దాని మీదే ఉంటాం.

గేరు సర్దుబాటు గురించి తొందరగా చెప్పేస్తాను. వెనక డిరైలర్‌లోకి (చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) గేరు వైరు దూరేచోట చేత్తో తిప్పే చిన్న మర ఉంటుంది. పెద్ద పళ్లచక్రం మీదికి చైను ఎక్కడానికి మొరాయిస్తుంటే వెనక నుంచి చూస్తూ అపసవ్యంగా పావు చుట్టు, చిన్నదాని మీదికి దిగడానికి మొరాయిస్తుంటే సవ్యంగా పావు చుట్టు. తిప్పి, తొక్కి చూసి, మళ్లీ పావు చుట్టు. దీనికి లొంగకపోతే వైరు లోపల తుప్పు పట్టి ఉండాలి, లేదా సైకిలు కుడివైపు పడినప్పుడు డిరైలర్ వేలాడే హ్యాంగర్ వంగి ఉండాలి. వెనకాల గొంతుకూర్చుని చూడండి. డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పళ్లచక్రం కింద నిట్టనిలువుగా ఉండాలి. కింది చక్రం ఊచల వైపు తిరిగి ఉంటే హ్యాంగర్ వంగినట్టే, ఎంత మర తిప్పినా లాభం లేదు. ఇంకా ముందు పెద్దది, వెనక పెద్దది రెండూ కలిపి తొక్కే అలవాటుంటే మానండి, చైను ఏటవాలుగా లాగి ముందు డిరైలర్‌కి రాసుకుంటుంది.

బిగుసుకున్న లింకు ఉంటే పెడల్‌ని మెల్లగా వెనక్కి తిప్పుతూ కింది చిన్న చక్రాన్ని చూడండి. ఒకచోట చైను చిన్న గెంతు వేస్తుంది. ఆ లింకుని రెండు చేతుల బొటనవేళ్లతో అటూ ఇటూ పక్కలకి వంచి, చుక్క నూనె వేయండి. చాలాసార్లు అది చైను అతికించిన చోటే ఉంటుంది.

ఘాటు దిగేటప్పుడు ఠపఠపకి మందు పంచరు షాపులో దొరుకుతుంది. కొత్త సైకిళ్ల డిరైలర్‌లో చైనుని బిగువుగా పట్టుకునే క్లచ్ ఉంటుంది, మీ 24 గేర్ల సైకిల్లో ఉండే అవకాశం తక్కువ. అందుకని పనికిరాని సైకిలు ట్యూబు ఒకటి అడిగి తెచ్చుకోండి, డబ్బులు కూడా తీసుకోరు. నిలువుగా కోసి, పెడల్ దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా పోయే కుడివైపు గొట్టానికి గట్టిగా లాగుతూ చుట్టండి, రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాగు. దిగేటప్పుడు ముందు చిన్న చైన్‌రింగులో ఉండకండి, మధ్యదో పెద్దదో పెట్టుకుంటే చైను బిగువుగా ఉంటుంది. అప్పటికీ వేలాడుతుంటే చైనే పొడవు ఎక్కువై ఉండొచ్చు. డిరైలర్ లోంచి కాకుండా ముందు పెద్దదాని మీదా వెనక పెద్దదాని మీదా చుట్టి, రెండు లింకులు కలిపితే అదీ ఉండాల్సిన పొడవు.

మరో మాట, వాటర్ సర్వీసింగ్ గురించి. బైకులు కడిగే ప్రెషరు గన్ను కింద సైకిలు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నీళ్లు చక్రం బేరింగుల్లోకి, బాటమ్ బ్రాకెట్లోకి, పెడల్ ఇరుసులోకి దూరి గ్రీజుని కడిగేస్తాయి. సైకిలు మెరుస్తుంది, వారానికి కిర్రుమంటుంది. నీళ్లు లోపలికి పోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు కళ్లారా చూశాను. మా మేనల్లుడిది సింగ్‌నగర్, సైకిలు రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. బయటికి తీశాక చైను ఒక కడ్డీలా బిగుసుకుపోయింది, వంగలేదు. అది పారేశాం. వెనక హబ్బులో ఒండ్రు మట్టి. కాని వాడి ఎస్పీడీ పెడల్స్ ఇరుసులు బయటికి లాగి, కడిగి, కొత్త గ్రీజు పెడితే తిరిగాయి, ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. షిమానో పెడల్స్‌ని నేను సిఫార్సు చేయడానికి ఆ మధ్యాహ్నం కూడా ఒక కారణం.

పెడల్స్ దగ్గరికి వచ్చాం. పేరే తికమక. బూటుని పెడల్‌కి అతికించుకుంటూ "క్లిప్ లేని" పెడల్ అనడమేంటని మా ఆవిడ ఎప్పుడో అడిగింది. పాతకాలంలో పెడల్ ముందు ఒక పంజరం, తోలు పట్టీ ఉండేవి, వాటిని టో క్లిప్పులు అనేవారు. అవి తీసేశారు కాబట్టి క్లిప్‌లెస్. ఫ్రాన్సులోని లుక్ కంపెనీ మంచు మీద జారే స్కీల బిగింపు చూసి 1984లో రోడ్డు సైకిళ్లకి దీన్ని తెచ్చింది, మరుసటి ఏడాది ఫ్రెంచి సైక్లిస్టు బెర్నార్డ్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ రేసు గెలిచాడు. మట్టిలో నడిచే మనుషులకి పనికొచ్చేలా షిమానో 1990లో ఎస్పీడీ తెచ్చింది. రోడ్డు రకానికి మూడు బోల్టుల పెద్ద క్లీట్, అడుగుకి బయటికి పొడుచుకుని ఉంటుంది. ఎస్పీడీకి రెండు బోల్టుల చిన్న లోహపు ముక్క, బూటు అడుగులో గుంటలో దాక్కుంటుంది. మీరు కొనేటప్పుడు చూడాల్సింది ఈ రెండు బోల్టులు అన్నమాటే. రోడ్డు బూట్లు చవగ్గా దొరికాయని కొనేవాళ్లున్నారు. ఆదివారం రైడు అయ్యాక టిఫిను సెంటరు టైల్స్ మీద చేతిలో ఇడ్లీ ప్లేటుతో ఆ బూట్లేసుకుని నడిచి చూడండి, ఎందుకొద్దన్నానో తెలుస్తుంది.

అసలు మీకు క్లిప్‌లెస్ కావాలా? కచ్చితంగా కావాలని నేను అనను. పైకి లాగితే కూడా బలం వస్తుంది, స్పీడు రెట్టింపవుతుంది అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. మామూలుగా తొక్కేటప్పుడు ఎవరూ అంతగా పైకి లాగరు. నిజంగా ఉపయోగపడేది ఎక్కడంటే, గతుకుల్లో దిగేటప్పుడు కాలు పెడల్ మీద నుంచి ఎగిరిపోదు, వేగంగా తిప్పేటప్పుడు పాదం ఉన్నచోటే ఉంటుంది. మొలలున్న మంచి ఫ్లాట్ పెడల్ (బిగింపు లేని మామూలు రకం), మెత్తటి అడుగున్న బూటు ఉంటే అది కూడా చాలావరకు కుదురుతుంది. మా గుంపులో అందరికంటే బాగా దిగే కుర్రాడు ఫ్లాట్ పెడల్స్ వాడే మనిషే.

కావాలనే నిశ్చయించుకున్నారు కాబట్టి, మీకు ఒకవైపు రకం ఎందుకంటే ఐదు రోజులు ఆఫీసు బూట్లతో తొక్కుతారు. రెండువైపులా ఎస్పీడీ ఉండే ఎం520 లాంటి పెడల్ మీద తోలు బూటు పెడితే సబ్బు మీద పెట్టినట్టు ఉంటుంది. ఒకవైపు రకానికున్న లోపం ఏంటంటే, బయల్దేరేటప్పుడు ఏ వైపు పైకి ఉందో కాలితో వెతుక్కోవాలి. కొండవీడు తారురోడ్డు ఎక్కేటప్పుడు అది సమస్య కాదు. రేపు డొంకల పిచ్చి ముదిరి ఆదివారాలన్నీ అక్కడే గడిపేట్టయితే ఎం520 కొనండి, చాలా ఏళ్లు పడి ఉంటుంది.

డొంకలంటే నల్లరేగడి గుర్తొచ్చింది. వాన పడ్డాక పత్తిచేల పక్కన నాలుగడుగులు నడిస్తే చాలు, బూటు కింద అరకిలో మట్టి. ఎస్పీడీలో ఆ మట్టి ఇరుక్కుంటే క్లీట్ దిగదు, అంతకంటే ఘోరంగా, దిగినట్టే అనిపించి సగంలో ఊడుతుంది. ఈ విషయంలో క్రాంక్‌బ్రదర్స్ పెడల్స్ మెరుగు. కోడిగుడ్డు గిలక్కొట్టే కవ్వంలా నాలుగువైపులా తెరిచి ఉంటాయి, మట్టి దానంతటదే రాలిపోతుంది. కాని వాటి క్లీట్ ఇత్తడిది, తొందరగా అరుగుతుంది, స్ప్రింగు బిగువు మార్చుకోవడం కుదరదు. కొత్తగా నేర్చుకునేవాడికి స్ప్రింగు వదులు చేసుకునే వీలు ఉండాలి. మట్టికి నా చిట్కా వేపపుల్ల. రోడ్డు పక్కన విరిచి, క్లీట్ గుంటలో గీకండి.

క్లీట్ల సంగతి. చాలా ఎస్పీడీ పెడల్స్‌తో నల్లటి ఎస్‌హెచ్51 వస్తుంది, అది మడమ బయటికి తిప్పితేనే ఊడుతుంది. వెండి రంగు ఎస్‌హెచ్56 ఎటు తిప్పినా, మడమ ఎత్తినా ఊడుతుంది. కంగారులో మనిషి కాలు ఎటు లాగుతాడో ఎవరికి తెలుసు, అందుకే అది. దానికో లోపం ఉంది: నిలబడి గట్టిగా లాగితే అనుకోకుండా ఊడొచ్చు. అలవాటయ్యాక నల్లటిదానికి మారండి. పెడల్ మీద 3 నంబరు ఎలెన్ కీ పట్టే చిన్న స్క్రూ ఉంటుంది, స్ప్రింగు బిగువు దానిదే. పూర్తిగా వదులు చేసి, నెల తర్వాత రెండు క్లిక్కులు పెంచుకోండి.

బిగించేటప్పుడు క్లీట్‌ని బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బెత్తుగా ఉండేచోటికి సూటిగా పెట్టి, అక్కణ్ణుంచి ఓ అరసెంటీమీటరు వెనక్కి జరపండి. మోకాలు నొప్పెడితే ముందు అనుమానించాల్సింది క్లీట్ కోణాన్నే. మీరు కుర్చీ మీద కూర్చుని కాళ్లు వేలాడేసినప్పుడు పాదాలు ఎటు తిరిగి ఉంటాయో దాని ప్రకారం పెట్టండి. బోల్టులకి గ్రీజు రాసి 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు బిగించాలి. రెండు రైడ్ల తర్వాత మళ్లీ బిగించండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఒక బోల్టు ఊడితే బూటు తిరుగుతుంది గానీ క్లీట్ తిరగదు, అంటే కాలు బయటికి రాదు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నాకు అదే అయింది. ఆగాను, మడమ తిప్పాను, తిప్పాను, నిలువునా పక్కకి ఒరిగిపోయాను, చెట్టు కూలినట్టు. పక్కన ఆటో అబ్బాయి తల బయటపెట్టి "బ్రేకు పడలేదా మాస్టారూ?" అన్నాడు. బ్రేకూ పడింది, నేనూ పడ్డాను.

బోల్టులు సరిగ్గా ఉన్నా మీరూ ఓ రెండుసార్లు పడతారు, దాదాపు అందరూ పడతారు. అందుకే మొదటి వారం రోడ్డెక్కకండి. గోడ పట్టుకుని ఒక్కో కాలు యాభైసార్లు పెట్టి తీయండి, తర్వాత గడ్డి ఉన్న మైదానంలో. ఆగడానికి పది గజాల ముందే ఒక కాలు తీసేయడం అలవాటు చేసుకోండి. ఊళ్లో ఉన్నంతసేపూ ఫ్లాట్ వైపే వాడండి, అందుకేగా ఆ రకం కొనమన్నది.

బిగించాక వచ్చే చప్పుళ్లు కూడా ఇప్పుడే చెప్పేస్తే మళ్లీ చైనుని తిట్టరు. పెడల్ మరచుట్లకి గ్రీజు లేకుండా బిగిస్తే నెలలో ప్రతి చుట్టుకీ టక్ మంటుంది. గ్రీజు లేకుండా మర బిగించినవాణ్ణి మా నాన్న షెడ్డులోంచి పంపేసేవాడు. ఎండు దుమ్ములో క్లీట్, పెడల్ రాసుకుని కీచుమంటే, క్లీట్ పట్టే దవడల మీద పొడి నూనె ఒక చుక్క, తుడిచేయాలి.

పాతవి విప్పేటప్పుడు ఎడమ పెడల్ మరచుట్లు తిరగబడి ఉంటాయి, అది మర్చిపోయి క్రాంక్ పాడుచేసుకున్నవాళ్లని చూశాను. ఎటు తిప్పాలో గుర్తుపెట్టుకోవడానికి తేలిక దారి: పానా పైకి నిలబెట్టి, వెనక చక్రం వైపు లాగితే ఏ పెడలైనా వదులవుతుంది, ముందు చక్రం వైపు నెడితే బిగుస్తుంది. తిరగబడి ఎందుకు ఉంటుందంటే, పెన్సిలు గుప్పిట్లో వదులుగా పట్టుకుని రెండో చేత్తో దాని మొనని గుండ్రంగా తిప్పండి, గుప్పిట్లో పెన్సిలు ఎదురుదిక్కుకి తిరుగుతుంది. తొక్కేటప్పుడు పెడల్ ఇరుసు పని కూడా అదే. మరచుట్లు అటు లేకపోతే ఎడమ పెడల్ దారిలో ఊడొస్తుంది.

ఆ పాత పెడల్స్‌ని పారేయకండి. ఇంట్లో ఎవరైనా సైకిలు అడిగిన రోజు 15 నంబరు పానాతో రెండు నిమిషాల పని. ముందు స్కేలు పెట్టి కొలిచి, చప్పుడు ఎన్ని చుట్లకి వస్తోందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.